పసుపు సంచుల కేసులో నా ఒప్పుకోలు

దేవునికి స్తోత్రం. నాకు నోరిచ్చినవాడూ ఆయనే, ఆ నోటితో నేను తవ్వుకున్న గోతిలోంచి నన్ను లాగినవాడూ ఆయనే. చెయ్యని మోసానికి తన కాళ్లతో నడిచి జైలుకు పోయినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, చూడండి.

అరవైల మొదట్లో నేను ఆర్మూరులో ఒక పసుపు అడ్తి దుకాణంలో గుమాస్తాను. మా సేటు సంచుల అడుగున పుచ్చిన కొమ్ములు పోయించి, పైన మేలిరకం పరిపించాడు. ఏమీ తెలియని నేను మూతులు కుట్టాను. కొన్న వ్యాపారి మోసమని కేసు పెట్టాడు. పోలీసులకు దొరికింది దబ్బనం పట్టుకున్న నేనే.

వకీలెందుకు, సత్యం నా పక్కనుంది కదా అనుకున్నాను. తోడుగా మా చర్చి సంఘమంతా కోర్టుకు తరలివచ్చింది. మా సంఘంలో ఒక ఆచారం. ఆదివారం ప్రార్థన నడిపే పెద్దయ్య ఒక్కొక్కరినీ తప్పులు ఒప్పుకుంటావా అని అడుగుతాడు. లేచి ఒప్పుకోవాలి, మిగతావాళ్లు ఆమేన్ అనాలి. కాదన్నవాడు గర్విష్ఠి. ఊహ తెలిసినప్పటినుంచి నా నాలుక నడిచిన దారి అదొక్కటే.

బోనులో తూకానికి పెట్టిన సంచిలా నిలబడ్డాను. మేజిస్ట్రేటు గారు కళ్లద్దాల మీదుగా చూశారు.

"మోసం చేశావని అభియోగం. ఒప్పుకుంటావా?"

గొంతు అచ్చం మా పెద్దయ్యదే. నా మోకాళ్లు వాటంతటవే వంగాయి.

"ఒప్పుకుంటున్న సార్. నేను ఘోర పాపిని."

వెనకనుంచి ఒక్కపెట్టున "ఆమేన్" వినిపించింది.

"ఎవరు వాళ్లు?"

"మా సంఘం సార్. వాళ్లు గూడ పాపులే."

మూడు నెలల జైలు పడింది.

మా పెద్దయ్య నిజామాబాదులో కుదిర్చిన వకీలు సాబ్ జైలుకొచ్చి తల పట్టుకున్నాడు.

"నువ్వు ఒప్పుకున్నంక అప్పీలుల మోసం చెయ్యలేదని వాదించే దారి లేదు. శిక్ష జర తగ్గించుమని అడుగుడే. ఎందుకొప్పుకున్నవయ్యా?"

"అడిగిండు గద సాబ్."

"అడిగితే ఇల్లు గూడ రాసిస్తవా? ఇగో, జిల్లా కోర్టుల నువ్వు నోరు తెరిస్తే గీ కోటు నీకే తొడిగి ఇంటికి పోత."

అక్కడ ఆయన గొప్పగా వాదించాడు. పేదవాడు, పశ్చాత్తాపపడ్డాడు, ఇప్పటిదాకా ఉన్న జైలు చాలు అన్నాడు. జడ్జి గారు మెత్తబడి నన్నే అడిగారు.

"చేసిన మోసానికి బాధపడుతున్నావా?"

తలూపితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. కానీ అబద్ధమాడటం మాకు నేర్పలేదు.

"మోసం నేను చెయ్యలేదు సార్."

వకీలు కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"మరి దేనికి ఒప్పుకున్నావు?"

"చిన్నప్పుడు పక్కింటి జామకాయలు తెంపిన. ప్రసంగంల కునికిన. మా అత్తను మనసుల తిట్టుకున్న."

"పసుపు సంచులు?"

"మూతి కుట్టిన. లోపల ఏమున్నదో సేటుకే ఎరుక."

జడ్జి గారు చేతిరుమాలుతో మూతి కప్పుకున్నారు. "ఇది నేరం ఒప్పుకోవడం కాదు, ఆదివారం ప్రార్థన" అని శిక్ష కొట్టేసి, మళ్లీ మొదటినుంచి విచారించమని కేసును ఆర్మూరుకు పంపారు.

మళ్లీ అదే బోను, అదే ప్రశ్న. పక్కన వకీలు నా చొక్కా పట్టుకుని నిలబడ్డాడు. బలమంతా కూడదీసుకుని అన్నాను.

"ఒప్పుకోను సార్."

వెనకనుంచి సంఘమంతా "ఆమేన్" అంది.

విచారణలో సేటు బండారం బయటపడింది, నేను ఇంటికొచ్చాను. ఆ రోజే ప్రమాణం చేశాను. నా పాపాలు మందిరంలోనే ఒప్పుకుంటాను, బోనులో అడిగినదానికే జవాబిస్తాను. మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నా పెదవులకు నీ దబ్బనంతో గట్టి కుట్టు వెయ్యి. ఆమేన్ అనడానికి మాత్రం కాస్త సందు ఉంచు.