రెండు హోటళ్లు, ఒక రాతిగుట్ట

పెట్టె ఇవ్వనంటే ఇవ్వనన్నాడు మా నాయన. ఎర్రకోటు, తలపాగా వేసుకున్న మనిషి నవ్వుతూ వంగి పెట్టె పిడి పట్టుకున్నాడు. మా నాయన దాన్ని వెనక్కి గుంజుకున్నాడు. ఆ పాలరాతి మెట్ల మీద ఇద్దరూ చెరో పక్క పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డారు.

"వాళ్లు మోసుకొస్తరు నాయనా. వాళ్ల పనే అది," అన్నాను సిగ్గుతో చచ్చిపోతూ.

"ఎందుకు మోస్తడు? మనకు ఆయన ఏమైతడు?" అని పెట్టె భుజానికెత్తుకుని అద్దాల తలుపు తోసుకుంటూ లోపలికి నడిచాడు.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ వైపు చూస్తూ ఉండే పెద్ద హోటలు అది. ఎనభైల చివర్లో సంగతి. అంతకు ముందు మా నాయన బసచేసిన గొప్ప జాగా అంటే భద్రాచలం సత్రమే. మరి మేం అక్కడికి ఎట్లా వెళ్లామో చెప్పాలి.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా మిరపచేను వెనక ఒక నల్లరాతి గుట్ట ఉంది. సగం మాది, సగం మా చిన్నాయనది. మేకలు ఎక్కేవి, కల్లంలో చోటు చాలకపోతే మిరపకాయలు ఆరబోసుకునేవాళ్లం. అంతకు మించి దానితో మాకు పని లేదు. ఒక ఎండాకాలం ఎవరో జీపులో వచ్చి, గుట్ట చుట్టూ తిరిగి, ఒక ముక్క కొట్టుకుని పోయారు. మళ్లీ వచ్చినప్పుడు ఆ ముక్కను పలకలా కోసి, నున్నగా రుద్ది తెచ్చారు. అందులో మా అమ్మ మొహం కనపడింది. "మన గుట్ట లోపల గిట్ల ఉంటదా!" అని అమ్మ దాన్ని కొంగుతో తుడిచి తుడిచి చూసుకుంది.

తవ్వుకోవాలంటే మా సంతకం కావాలి. రాతికంపెనీ పెద్దమనిషి మెత్తటి కోస్తా మాటతో, "మీరొకసారి మా ఆఫీసుకి రండి, తీరుబడిగా మాట్లాడుకుందాం. ఉండటం, తినటం అన్నీ మేం చూసుకుంటామండీ," అన్నాడు. మా నాయనకు ఇంగ్లీషు రాదు. మగపిల్లలు లేరు. నేను ఖమ్మంలో బీకాం పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. అట్లా నన్ను వెంటబెట్టుకుని రైలెక్కాడు. తరువాత రెండేళ్లపాటు పంట పనులు తెరిపి ఇచ్చినప్పుడల్లా మా ప్రయాణం అదే.

ఆ మొదటి రోజు గదిలోకి వెళ్లగానే మా నాయన తెరలు జరిపి వెనక చూశాడు. అలమర తలుపు తీసి చూశాడు. మంచం కిందికి వంగి చూశాడు. గోడంత అద్దం ముందు నిలబడి వేలితో తట్టి, "దీని వెనక ఎవడన్న కూసుండి చూస్తడా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. బల్ల మీద పళ్లబుట్ట ఉంది. ఒక యాపిల్ తీసి వాసన చూసి మళ్లీ బుట్టలో పెట్టాడు.

"ఊరికే ఎవడన్న గిన్ని పండ్లు పెడ్తడా బిడ్డా? ముట్టకు."

నేను ఒకటి కొంగులో దాచుకుని స్నానాలగదిలో తిన్నాను. తెల్లటి తొట్టి అంచు మీద కూర్చుని, చప్పుడు కాకుండా నమిలి, గింజలు కూడా మింగాను. అంత రుచైన పండు నేను తర్వాత తినలేదు.

నిజం చెప్పాలంటే ఆ హోటలు నాకు తెగ నచ్చింది. కిటికీలోంచి నీళ్లు, నీళ్ల మీద పడవలు. కాళ్లకింద తివాచీ. "గుడ్ మార్నింగ్ మేడమ్," అని పలకరించేవాళ్లు. మా ఊళ్లో నన్ను అప్పటిదాకా ఎవరూ మేడమ్ అనలేదు. మా నాయనకు అదే గిట్టలేదు. "ఇంతమంది పొద్దస్తమానం నవ్వుతాండ్రంటే ఏదో ఉన్నది," అనేవాడు. మంచం మీద పడుకోకుండా కింద దుప్పటి పరుచుకుని, తలుపుకు కుర్చీ అడ్డంపెట్టి పడుకునేవాడు.

రెండోసారి వెళ్లినప్పుడు కంపెనీ పెద్దమనిషి భోజనాల దగ్గర నావైపు తిరిగి, "మా ఆఫీసులో లెక్కలు చూడ్డానికి మీ అమ్మాయిలాంటి పిల్లే కావాలండీ. ఈ పని పూర్తికానివ్వండి, ఇక్కడే ఉద్యోగం వేయిస్తాను. నా కూతురులా చూసుకుంటాను," అన్నాడు. మా నాయన పెరుగన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి ఊళ్లో లేను. బావి దగ్గర నీళ్లు చేదుతున్నా, మిరపకాయలు ఏరుతున్నా, మనసంతా హైదరాబాదులోనే. ఏ రంగు చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్లాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

ఇంతలో రెండో కంపెనీ వచ్చింది. ఈ మనిషి వేరే రకం. బంగారు ఫ్రేము కళ్లద్దాలు, ఒకటి రెండు మాటలు, మధ్యలో ఇంగ్లీషు. నవ్వడు. "వాళ్లకంటే మంచి రేటు ఇస్తాం. వచ్చి చూడండి," అని మమ్మల్ని బంజారాహిల్స్‌లో ఒక గుట్టమీది హోటల్లో దించాడు.

అది కొత్త హోటలు. అంతా అద్దాలు, ఇత్తడి కడ్డీలు. పలకరించేవాళ్లు తక్కువ. అడిగితే చెప్తారు, లేకపోతే లేదు. పళ్లబుట్ట లేదు, తొట్టి లేదు. నీళ్లు మాత్రం పైనుంచి ధారగా పడేవి. ఏసీ చలికి పళ్లు కొట్టుకునేవి, తగ్గించమంటే ఎవరూ వచ్చేవాళ్లు కాదు. సరస్సు హోటల్లో సాంబారు తియ్యగా ఉండేది, ఇక్కడ ఉప్పగా ఉండేది. పెరుగు మాత్రం గట్టిగా, మట్టి చిప్పలో ఇచ్చేవాళ్లు. మా నాయన ఒకపూట మూడు చిప్పల పెరుగు తిన్నాడు.

"ఈడ నయం బిడ్డా. ఒక్కడు గూడ నవ్వుతలేడు," అన్నాడు.

ఇక తండ్రీ కూతుళ్ల మధ్య పోట్లాట మొదలైంది. నేను సరస్సు హోటల్ని వెనకేసుకొస్తే ఆయన గుట్ట హోటల్ని వెనకేసుకొచ్చేవాడు. పడకలు, పప్పు, లిఫ్టులో మనిషి, తువ్వాళ్ల మెత్తదనం అన్నీ పోల్చుకునేవాళ్లం. పైకి హోటళ్లపేరే చెప్పినా, మాట్లాడేది కంపెనీల గురించేనని ఇద్దరికీ తెలుసు.

"హోటలోళ్లు వేరు, కంపెనీవాళ్లు వేరు నాయనా," అన్నానొకసారి రైల్లో.

"మనిషిని ఎసుంటి జాగల కూసుండబెడ్తడో చూస్తే ఆని బుద్ధి తెలుస్తది," అన్నాడాయన.

అయితే ఒక విషయం నాకూ మెల్లగా అంతుపట్టకుండా పోయింది. ఇద్దరు పోటీపడుతున్నారంటే ఒకరు పెంచితే ఇంకొకరు పెంచాలి కదా? వీళ్లలో మాత్రం ఒకరు కాస్త తగ్గించి మాట్లాడితే, మరుసటి నెలలో రెండోవారు కూడా తగ్గేవారు. సరస్సు హోటల్లో మేం అడిగిన దానికి గుట్ట హోటల్లో జవాబు సిద్ధంగా ఉండేది. చేనుకు దారి వదలాలని ఒకచోట అంటే, "దారి సంగతి మేం చూసుకుంటాం," అని రెండోచోట మేం నోరు విప్పకముందే చెప్పేవాడు. గదిలో ఫోను మాటలు ఎవరో వింటున్నారని మా నాయన అనుమానం. ఫోను మీద తువ్వాలు కప్పేవాడు. నాకు మాత్రం ఉద్యోగం మీద ఆశ. అందుకే ఎవరి మీద అనుమానపడాలన్నా మనసొప్పేది కాదు.

ఒకసారి సరస్సు హోటల్లో భోజనం చేస్తుండగా మా నాయన ఉన్నట్టుండి తల ఎత్తి అన్నాడు: "గుట్టకు పడమటి పక్క మా ముత్యాలమ్మ రాయి ఉన్నది. దాని జోలికి మాత్రం పోవద్దు."

నేను ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. పడమటి పక్క అట్లాంటి రాయేదీ లేదు. ముత్యాలమ్మ ఊరికి ఇవతల, చెరువుకట్ట దగ్గర ఉంటుంది. పెద్దమనిషి చేతులు జోడించి, "అమ్మవారి జోలికి వెళ్తామా అండీ," అన్నాడు. గదిలోకి వచ్చాక అడిగాను.

"ఏంది నాయనా, అక్కడ రాయి ఎక్కడున్నది?"

"ఉండనీ. నువ్వైతే ఎవ్వరికి చెప్పకు," అని అటు తిరిగి పడుకున్నాడు.

తరువాతి నెల గుట్ట హోటలు. కళ్లద్దాలాయన భోజనాల బల్ల మీద మా గుట్ట పటం పరిచి, పెన్సిలుతో గీతలు గీస్తూ, "ఈ వెస్ట్ సైడ్ మీ ముత్యాలమ్మ రాయి వదిలేస్తాం. డోంట్ వర్రీ," అన్నాడు.

మా నాయన మొహంలో ఏ మార్పూ లేదు. ఇంకో చిప్ప పెరుగు తెమ్మని చెప్పి, తాపీగా తిని, చెయ్యి కడుక్కుని, "రేపు పొద్దున చెప్తం," అని లేచాడు. గదిలో తలుపేసుకున్నాకే నావైపు చూశాడు.

"ఇన్నవా?"

"ఇన్న."

"లేని రాయి ఆడికెల్లి ఈడికెట్ల వచ్చింది?"

ఏమో, ఊళ్లో ఎవరైనా చెప్పి ఉంటారేమో అని గొణిగాను. లేని రాయి గురించి ఊళ్లో వాళ్లకేం తెలుసు? నా మాట నాకే నచ్చలేదు.

మర్నాడు పొద్దున నేను ఒక్కదాన్నే కిందికి దిగాను. గుమ్మం బయట కార్లు నిలిపేచోట ఒక తెల్ల అంబాసిడర్ కనపడింది. దానికి ఆనుకుని బీడీ కాల్చుకుంటున్నది సరస్సు కంపెనీ డ్రైవరు. సరస్సు హోటలుకు వెళ్లినప్పుడల్లా స్టేషనుకొచ్చి మమ్మల్ని ఎక్కించుకునేది అతనే. నన్ను చూసి బీడీ పారేసి నవ్వాడు.

"మంచిగున్నరా అమ్మా? నాయన గూడ వచ్చిండా?"

"అవ్, వచ్చిండు. మీ సారు ఇక్కడికి వచ్చిండా?" అని మామూలుగా అడిగినట్టే అడిగాను.

"లోపల టిఫిన్ చేస్తాండ్రు గదా, ఇద్దరు సార్లు. బావా బావమర్దులు ఆళ్లు. వారంల ఒకపారన్న గిట్ల కలుస్తరు."

అది దాచవలసిన సంగతని అతను అనుకోనేలేదు. నేను పైకి వెళ్లి నాయనతో చెప్పాను. చెప్తూ ఏడ్చాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "పా," అన్నాడు.

కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరూ ఇడ్లీ తింటున్నారు. మా నాయన వెళ్లి కుర్చీ లాక్కుని వాళ్ల మధ్య కూర్చున్నాడు. సరస్సు పెద్దమనిషి చేతిలో చెంచా అట్లాగే ఉండిపోయింది.

"రెండు హోటళ్లు ఎందుకు బాబూ?" అన్నాడు మా నాయన, గొంతు పెంచకుండా. "ఒక్కదాంట్ల పెట్టినా వస్తుంటిమి గదా."

కళ్లద్దాలాయన లేచి, ఫోను చేయాలంటూ వెళ్లిపోయాడు. పెద్దమనిషి మాత్రం కాసేపటికి నవ్వాడు. "వ్యాపారమన్నాక ఇలాంటివి ఉంటాయండీ. మీరు మనసులో పెట్టుకోకండి. ఇప్పుడే ఇంకాస్త పెంచి ఖాయం చేద్దాం," అన్నాడు. ఆ తర్వాత నావైపు చూసి, "అమ్మాయి ఉద్యోగం మాట అలాగే ఉంది," అన్నాడు.

ఆ క్షణాన నేను చచ్చేంత ఆశగా మా నాయన వైపు చూశాను. మోసం చేశారని తెలిసీ చూశాను. ఆయన నన్ను చూడలేదు. "మా గుట్ట మాకు ఉండనీయండ్రి," అని లేచాడు.

స్టేషనుకు ఆటోలో వెళ్లాం. రైలు కాజీపేట దాటింది. నన్ను ఊళ్లోనే కట్టిపడేయడానికే ఈ ముత్యాలమ్మ కథ అల్లాడేమోనన్న అనుమానం కూడా వచ్చింది. కూతురు పట్నంలో ఒంటరిగా ఉంటుందంటే ఏ తండ్రికి ఇష్టం? చివరికి ఆ మాటే అడిగేశాను.

ఆయన కిటికీ రెక్క దించి నావైపు తిరిగాడు.

"నీకు నౌకరీ ఇస్తనన్ననాడే నాకు అనుమానమొచ్చింది," అన్నాడు.

"ఎందుకు? నేను పనికిరానా?"

"గది కాదు బిడ్డా. ఇస్తనన్నోడు నువ్వు ఏం చదివినవో ఒక్కపారన్న అడిగిండా?"

లేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. నేను చెప్పనూ లేదు, గమనించనూ లేదు. ఆ మాటకు నాకు కోపం పోలేదు. ఇంకా ఎక్కువైంది, కానీ అది నాయన మీద మాత్రం కాదు.

మా చిన్నాయన తన సగం వాళ్లకే ఇచ్చాడు. నాలుగైదేళ్లు పేలుళ్లే పేలుళ్లు. మిరపాకుల మీద తెల్లటి దుమ్ము. ఆయనేమీ చెడిపోలేదు, డాబా కట్టుకున్నాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు. ఆ డాబా వైపు చూసినప్పుడల్లా మా అమ్మ, "మనం మంచి పనే చేసినమా?" అనేది. మా నాయన ఒక్కోసారి "అవ్" అనేవాడు, ఒక్కోసారి జవాబు చెప్పేవాడు కాదు. మా సగం గుట్ట ఇప్పటికీ ఉంది. ఒక పక్క నిటారుగా కోసేసినట్టు ఉంటుంది.

నేను పరీక్ష రాసి బ్యాంకులో చేరాను. తొంభైలలో శిక్షణలకని, సమావేశాలకని హైదరాబాదు పంపేవారు. ఆ రెండు హోటళ్లలోనూ చాలాసార్లు దిగాను. సరస్సు హోటల్లో కిటికీ, గుట్ట హోటల్లో పెరుగు, ఈ రెంటికీ సాటి లేదు. ఏది మేలని తోటి ఉద్యోగులు అడిగేవాళ్లు. నేను ఇంతవరకూ ఎవరికీ తేల్చి చెప్పలేకపోయాను.