ఎర్రపిల్లల మడుగు

ఆ ఏడు వానలు బాగా పడి పెనుకొండ కొండ కింద మా వంక పారింది. ధర్మవరంలో మగ్గాలకు పడుగు పోగులు లెక్కగట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నదే. సెలవు దొరికితే ఊరికొచ్చి వంకలో గాలం వేస్తాను. వెదురు కర్ర, నైలాన్ దారం, కొక్కేనికి చుట్టిన కోడి ఈక. నీటి మీద ఈకను ఆడిస్తే పురుగనుకుని చేప ఎగబడుతుంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక మా నాయనకు అన్నం సయించలేదు. రెండు ముద్దలతో చెయ్యి కడిగేసేవాడు. "కొర్రమీను పులుసైతే తింటానేమో రా" అన్నాడొక రోజు.

మర్నాడు పొద్దున్నే వంక వెంబడి పోయాను. మూడో మడుగులో నీటి మీద ఎర్రటి మరక కదులుతోంది. కొర్రమీను పిల్లలు. కింద తల్లీతండ్రీ రెండూ కాపలా ఉంటాయి. పిల్లల మధ్య ఈక పడితే ఆకలి లేకపోయినా తరమడానికొచ్చి కరుస్తాయి. అందుకే పిల్లలు ఎర్రగా ఉన్నన్నాళ్లు అక్కడ గాలం వేయకూడదని మా తట్టు కట్టడి. నల్లబడితే వాటి బతుకు అవి బతుకుతాయి.

గట్టున కూర్చుని లెక్కపెట్టాను. పిల్లలు గాలి కోసం పైకొచ్చి మునిగాక, మళ్లీ రావడానికి నలభై అంకెలు. ఇంకో లెక్క కూడా వేశాను: కాపలా రెండు, ఒకటి తీస్తే ఒకటి మిగులుతుంది. ముప్పై ఎనిమిది దగ్గర ఈక వదిలాను. మూర పొడవు చేప పడింది.

తిరిగొస్తుంటే గొర్రెలు తోలుకొస్తున్న ఒకాయన సంచిలోకి తొంగిచూశాడు.

"ఏమప్పా, ఎర్రపిల్లల మడుగులోదేనా?"

"ఊ. వాటికి ఇంకోటి ఉండాదిలే."

"యాడుండాది? నిన్న మా బామర్ది ఒకదాన్ని పట్టుకపోయినాడే. ఇంకోటి ఉండాదిలే అని వాడూ ఇదే మాట. బలే లెక్కగాళ్లప్పా ఇద్దరూ."

కొర్రమీను నీళ్లు లేకున్నా చాలాసేపు బతుకుతుంది. సంచిలో అది కొట్టుకుంటూనే ఉంది. మడుగు నూట యాభై అడుగుల దూరం కూడా లేదు. నాయన రెండు ముద్దలు గుర్తొచ్చి ఇంటిదారి పట్టాను.

ఆ మధ్యాహ్నం ఆయన కంచం ఖాళీ చేశాడు.

"పిల్లలు నల్లబడినాయా?" అనడిగాడు వేళ్లు నాకుతూ.

"నల్లబడినాయి నాయనా."

"అయితే ఇంకొంచెం పులుసు పొయ్యి."

మర్నాడు మడుగు దగ్గరికి పోయాను. మరక అరచేతంతకు తగ్గింది. లకుముకి పిట్ట రెండుసార్లు మునిగి లేచింది. చెయ్యి ఊపి తరిమాను. నా నీడ నీళ్లలో పడగానే పిల్లలన్నీ దాని కిందికి చేరాయి. ఒకడుగు పక్కకు జరిగితే అవీ జరిగాయి. పిట్ట ఎదుటి కొమ్మ మీద కూర్చునే ఉంది. పొద్దు వాలేదాకా కదలకుండా నిలబడ్డాను. ధర్మవరం రైలు వేళైంది. నేను వెనక్కి తిరిగాను. నీడ గట్టెక్కింది. అవి గట్టు దాకా వెంట వచ్చాయి.