రామములగ ఆకుల అడుగున

నరసాపురం మిషను బంగళాలో దొరసానిగారు ఉప్పుగాలి తగలని చోట రామములగ మొక్కలు, అదే టమాటాలు, పెంచాలని పాత కిటికీ అద్దాలతో ఒక గది కట్టించారు. దానికి తోటమాలి ముసలయ్య. బాప్తిస్మం తీసుకున్న నాడే ఊళ్ళో అతని పాలేరుతనం పోయింది. బంగళా వెనక గుడిసె తప్ప అతనికీ భార్య వీరమ్మకూ వేరే చోటు లేదు.

1893 మార్చిలో కాయలు రంగు తిరుగుతుండగా ఆకులు పాలిపోయాయి. దొరగారు భూతద్దం పెట్టి చూసి, ఇవి పురుగులు కావు, సాలీడు జాతి ఎర్రనల్లి అన్నారు. ఈస్టరు మర్నాడు రాజమండ్రి నుంచి మిషను పెద్దదొర వస్తారనీ, పళ్ళు ఆయన భోజనం బల్లమీదికి రాకపోతే గదీ, తోటపనీ, గుడిసే ఎత్తేస్తామనీ కూడా అన్నారు.

"ఏ జాతైతే ఏంటి, తినేది మన కూడేగా," అంది వీరమ్మ.

తడిగుడ్డతో ప్రతి ఆకు అడుగునా తుడిస్తే నల్లి నిలవడం లేదని ముసలయ్య కనిపెట్టాడు. రెండు వారాలు ఇద్దరూ నలభై మొక్కలు తుడిచారు. ఆదివారం మానితే సోమవారానికి సన్నని గూడు అల్లుకునేది. ఆ రోజు రెట్టింపు తుడిచేవారు.

మంచి శుక్రవారం పొద్దున్న గుడ్డ తడుపుతుంటే, గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి యెహెజ్కేలు వచ్చాడు. ఆ శుక్రవారం నుంచి ఈస్టరు దాకా ఆవరణలో ఎవరూ పని ముట్టకూడదని కట్టడి చేసింది ఆయనే.

"ఏంటయ్యా ఇది? ప్రభువు సిలువ మీద ఉంటే నీకు ములగ మొక్కలా?"

"విశ్రాంతి దినాన గొడ్డుకు నీళ్ళు పెట్టొచ్చని ప్రభువే అన్నారు కదండి. ఆకుకు పెడితే తప్పాండి?"

"గొడ్డు అరుస్తుంది. నీ ఆకు అరిచిందా?"

గుడి అరుగు మీదివాళ్ళు నవ్వారు.

"దొరసానమ్మగారిని అడుగు," అని గొణిగింది వీరమ్మ.

అతను అడగలేదు. ఊరు వెలివేశాక ఈ అరుగు మీదివాళ్ళే అతని ఊరు. గుడ్డ పిండి దండెం మీద ఆరేశాడు.

మూడు రోజులూ ప్రార్థనకు పోతూ వస్తూ అద్దం బయట నిలబడి చూశాడు. ఎండకు లోపల గది కాగింది. శనివారం ఆకుల మధ్య దారాలు మెరిశాయి.

సోమవారం తెల్లవారుతూనే తుడవబోతే ఆకులు గుడ్డతో పాటే ఊడివచ్చాయి. నీడ పోయిన కాయలు మధ్యాహ్నానికి తెల్లగా ఉడికిపోయాయి. పెద్దదొర బల్ల మీద అరటిపళ్ళు పెట్టారు.

"నన్ను ఒక్క మాట అడగలేదేమి? తుడుచుకోమనేదాన్ని కదా," అంది దొరసాని.

ముసలయ్య ఊడిపడిన ఆకులు బుట్టలోకి ఎత్తాడు.

అన్నట్టే ఆ వారంలోనే గది తీసేశారు. అద్దాలు విప్పే పని కూడా అతనికే చెప్పారు. ఒక్కటీ పగలకుండా దించాడు.