గుంత వస్తుందక్కా...

రాయడమెందుకులే అని వదిలేయబోయాను. కారు కుదుపుల మీద కూడా ఒక జ్ఞాపకమా అని మీరు నవ్వుతారు. పైగా నాకు కారు లేదు, నడపడం రాదు... జీవితమంతా సూరత్‌లో మగ్గాల చప్పుడు మధ్య గడిపినవాణ్ణి. కానీ పొద్దున మా గోడాదరా వీధిలో గుంతలు పూడుస్తుంటే చూశాను. ఇక చెయ్యి ఆగలేదు.

మా చిన్నప్పుడు... మా అక్క గడ్డివాము మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టే ఆయన పక్క ఊళ్లో ఉండేవాడు. దారంతా కంకర. నాయిన ఎవరిదో సైకిల్ అడిగి తెచ్చాడు. అమ్మ తన బొంత మడిచి వెనక క్యారియర్ మీద పరిచింది.

బొంత అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు... పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టేవాళ్లు. మా బొంతలో మా నాయనమ్మ చీర కూడా ఉండేది. అందుకే దాని మీద పడుకుని అబద్ధమాడితే నాయనమ్మ కలలోకి వస్తుందని అక్క నన్ను భయపెట్టేది. సరే, అది వేరే కథ.

నాయిన కూర్చుని రెండు చక్రాల్లోంచీ కొంచెం గాలి తీశాడు. "గట్టిగుంటే ప్రతి రాయి ఎముకకు తాకుతది" అన్నాడు. అక్కను కూర్చోబెట్టి, తను ఎక్కకుండా సైకిల్ నడిపించుకుంటూ బయలుదేరాడు. నాకు ఒకటే పని... ముందు ఉరుకుతూ, గుంత కనిపిస్తే అరవడం.

"గుంత వస్తుందక్కా..."

అక్క పళ్లు బిగబట్టి క్యారియర్ గట్టిగా పట్టుకునేది. ఎందుకు అరవాలని అడిగితే నాయిన అన్నాడు: "ముందుగాల తెలిసిన దెబ్బ సగమే తాకుతది బిడ్డా."

ఇక అసలు సంగతి... కరోనా రెండో ఏడు. అక్క అప్పటికి సూరత్ పక్కన పల్సానాలో కొడుకు దగ్గర ఉండేది. బాత్రూంలో జారిపడి వెన్నుపూసలో చీలిక వచ్చింది. కదలకుండా పడుకుంటే అతుకుతుంది, ఒక్క గట్టి కుదుపు తగిలినా ఇక లేచి నడవడం కష్టం అన్నాడు డాక్టరు. ఆ వారమే కొడుక్కీ కోడలికీ కరోనా అని తేలింది. ఉన్నది ఒకటే గది. అక్కను మా ఇంటికి తేవాలి... అంబులెన్సులు దొరకని రోజులు.

పక్కింటి ముకేశ్‌భాయ్ తన కారు తీశాడు. అడగకముందే తీశాడు, అది మరిచిపోకూడదు. కానీ ఆ కారు... అగ్గిపెట్టెంత. స్ప్రింగులు బిర్రబిగుసుకుపోయి, సీట్లు అట్టల్లా అయిపోయి ఉండేవి. నేను తెలివి ఉపయోగించి వెనక సీటు మీద రెండు స్పాంజి పరుపులు వేశాను. అక్కను మంచంతో సహా మోసుకొచ్చి, మోకాళ్లు మడిచి వాటి మీద పడుకోబెట్టాం.

సందు దాటకముందే మూలుగు మొదలైంది. స్పాంజి కిందికి దిగడం, పైకి ఎగరేయడం... మనిషి ఉయ్యాల ఊగినట్టు ఊగుతోంది.

"ఏందిరా తమ్మీ, గిది కారా, ఇసుర్రాయా? జర ఆపుమను."

ఆపాం. స్పాంజి తీసేసి, అక్క మంచం మీది పాత బొంత నాలుగు మడతలు వేసి పరిచాం. ఊగడం పోయింది కానీ, బండి కదలగానే రాయి రాయికీ ఎగిరిపడుతోంది. అక్క కళ్లు మూసుకునే ఉంది. ఉన్నట్టుండి తనకొచ్చిన హిందీలో అంది, "ఓ భాయ్... గాలీ బహుత్ హై. నికాలో."

ముకేశ్‌భాయ్ మొహం మాడిపోయింది. మాస్కు ఉన్నా తెలిసింది.

"కాకా, మైనే మాసీకో కబ్ గాలీ దీ?" అన్నాడు నాతో. పెద్దావిణ్ణి నేనెప్పుడు తిట్టాను అని.

అంత నొప్పిలోనూ అక్కకు నవ్వొచ్చింది. నవ్వితే నడుము కలుక్కుమంది. "నవ్వియ్యకురా, నీకు పుణ్యముంటది" అని నన్ను తిట్టింది. మన గాలి వాళ్ల భాషలో తిట్టు అని, చక్రాల్లో హవా ఎక్కువైందని ఆమె అంటోందని నేను విడమరిచి చెప్పాను. ముకేశ్‌భాయ్ ఒప్పుకున్నాడు... గట్టిగా కొట్టిస్తే పెట్రోలు తక్కువ తాగుతుందని రాళ్లలా నింపించాడట. దిగి, పుల్లతో నొక్కి, ఒక్కో చక్రంలోంచీ కొంచెం కొంచెం వదిలాడు.

"నాయిన గిట్లనే తీసిండు... యాదున్నదా తమ్మీ?" అంది అక్క.

నాకు వెంటనే నా పని గుర్తొచ్చింది. ముందు సీట్లో కూర్చుని, అద్దం దించి, తల బయటపెట్టి మొదలుపెట్టాను.

"గుంత వస్తుందక్కా..."

వెనక అక్క సీటు అంచు పట్టుకునేది. ముకేశ్‌భాయ్ బండి నెమ్మది చేసేవాడు. కాసేపు విని అడిగాడు, "గుంతా ఎట్లే ఖాడో?" గుంతంటే ఖాడోనా అని. అవును, మీ ఖాడోనే మా గుంత అన్నాను. ఆ తర్వాత నాకు పని లేకుండా చేశాడు. "మాసీ, గుంతా... మాసీ, మోటా గుంతా..." పెద్దదైతే మోటా, చిన్నదైతే నాను. అక్క "ఊఁ" అని ప్రతిదానికీ జవాబిచ్చేది. ఎద్దులబండి మమ్మల్ని దాటిపోయినా ఆశ్చర్యం లేదు, అంత మెల్లగా వచ్చాం. ఇంటి ముందు ఆగాక అక్క అడిగిన మొదటి మాట... "చాయ్ ఉన్నదా?"

ఇప్పుడు రోడ్లు నున్నగా వేస్తున్నారు. ముకేశ్‌భాయ్ కూడా మెత్తటి కారు కొన్నాడు. అందులో కూర్చుంటే రోడ్డుందో లేదో తెలియదు... పక్కన కూర్చున్న మనిషి ఎక్కడ నొచ్చుకుంటున్నాడో కూడా తెలియదు. మీ ముందు ఉరికి గుంత చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల గురించి కింద రెండు ముక్కలు రాయండి. చదువుకుంటాను.

అన్నట్టు, అక్క సంగతి చెప్పలేదు కదూ. ఎండలు తగ్గాక కొడుకు వచ్చాడు తీసుకెళ్లడానికి. అక్క నా భుజం పట్టుకుని లేచి, మెల్లగా తలుపు దాకా వచ్చింది. బయట ముకేశ్‌భాయ్ కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. గడప చూపించి, "మాసీ, గుంతా" అన్నాడు.

అక్క కిందికి చూసుకుని, కాలెత్తి, దాటింది.