ఏడాది తర్వాత విన్న షాహీన్ అక్క గొంతు

నాది మాచర్ల, షాహీన్ అక్కది చిలకలూరిపేట. టీచరు పరీక్ష కోసం ఏడాదిగా రోజూ ఉదయం ఐదింటికి ఒక ఆన్‌లైన్ స్టడీ రూములో కలిసి చదివాం. అక్కడ కెమెరా ఆన్‌లో ఉండాలి, మైకు ఆపేయాలి; తెర మీద పేరూ ఊరూ మాత్రం కనిపిస్తాయి. ఎదుట ఇంకొకరు చదువుతుంటే మనకు లేవబుద్ధి కాదు, అంతే దాని కిటుకు. మిగతావాళ్లు ఒక్కొక్కరే మానేసి చివరికి మేమిద్దరమే మిగిలాం. ఆమె వెనకాల కుట్టుమిషను, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు కనిపించేవాళ్లు. నేను కునికిపాట్లు పడితే చెయ్యి ఊపి నవ్వేది. ఏనాడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నిన్న ఫలితాలు వచ్చాయి. నాకు ఉద్యోగం వచ్చింది. ఈ ఉదయం అలవాటుగా రూము తెరిస్తే ఆమె ముందే కూర్చుని ఉంది. మొదటిసారి మైకు ఆన్ చేసింది.

“నీకొచ్చిందా చెల్లెమ్మా?”

“వచ్చిందక్కా. మీకు?”

“రాలేదు. వయసు కూడా దాటిపోయింది, ఇంక రాయనియ్యరు.”

చున్నీతో కళ్లు తుడుచుకున్నాను. ఆమే అందుకుంది.

“నువ్వేడుస్తావేంది? నాకు చానా సంతోషం. ఒక్కటే అడుగుతా, రేపు కూడా వస్తావా? ఆ టైముకి మెలకువ వచ్చేస్తది. లేచి ఏం చేయాలో తెలవట్లేదు.”

వస్తానన్నాను.

పొద్దుటి నుంచి ఇంట్లో స్వీట్లు పంచుతున్నారు. నేను పుస్తకాల అల్మారా ముందే కూర్చున్నాను. సిలబస్ ఇద్దరికీ అయిపోయింది. రేపు ఐదింటికి ఆమె ఎదుట ఏ పుస్తకం తెరిచి కూర్చోవాలో, మీకు తోస్తే కాస్త చెప్పండి.