నాన్‌డిటైల్లో ఆరో కథ

ఆ సంవత్సరం పదో తరగతి బి సెక్షనుకు తెలుగు ఎవరు చెప్పారని అడిగితే, సిగ్గు విడిచి డోరా పేరే చెప్పాలి. డోరా పంతులమ్మ కాదు. అదే తరగతిలో మూడో బెంచీ మీద కూర్చునే పదిహేనేళ్ల పిల్ల. తెలుగు సారు రామభద్రరావుగారికి వానాకాలంలో బదిలీ అయింది. ఆయన దండ వేయించుకుని, అందరినీ బాగా చదువుకోమని చెప్పి, రైలెక్కి వెళ్లిపోయారు. కొత్త సారు ఇదిగో వస్తున్నాడు, అదిగో వస్తున్నాడు అంటూనే దసరా దాటింది. వచ్చిన నాథుడు లేడు. సర్కారు బడిలో అలాంటివి పెద్ద వింతేమీ కాదు.

తెలుగు పీరియడంతా గోల గోలగా ఉండేసరికి హెడ్మిస్ట్రెస్ విమలమ్మగారు ఒకరోజు విసవిసా వచ్చి, "ఇక్కడ తప్పుల్లేకుండా గట్టిగా చదివేదెవరు?" అని అడిగారు. వేళ్లన్నీ డోరా వైపు తిరిగాయి. ఆదివారం చర్చిలో వాక్యం చదివే పిల్ల మరి, గొంతు వణకదు, ఒత్తులు మింగదు. "అయితే రేపటి నుంచి నువ్వే చదివి వినిపించు. నాకు మాత్రం గోల వినపడకూడదు" అని ఆవిడ ఆ బరువు కాస్తా ఆ పిల్ల నెత్తిన పెట్టి చల్లగా వెళ్లిపోయారు.

మొదట్లో అందరూ నవ్వారు. డోరా వాళ్లది గుంటూరు వైపు. తండ్రి రిచర్డ్ ఆఫీసు ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చి రెజిమెంటల్ బజార్ వెనక సందులో స్థిరపడ్డాడు గానీ, ఇంట్లో మాటలు ఇంకా కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. "అట్టాగా, ఇట్టాగా" అని వెనక బెంచీ వాళ్లు ఆమెను వెక్కిరించేవాళ్లు. పద్యాలయ్యాక నాన్‌డిటైల్ మొదలుపెట్టింది. నాన్‌డిటైల్ అంటే ఆరు కథలున్న పల్చటి పుస్తకం. పబ్లిక్ పరీక్షలో దాని మీద ఒక పెద్ద ప్రశ్న వస్తుంది. మొదటి కథ సగమయ్యేసరికి వెక్కిరింతలు ఆగిపోయాయి. గంట కొట్టినా "జెర ఆగవే, గా దొంగ దొరుకుతడో లేదో చెప్పి పో" అని బతిమాలేదాకా వచ్చింది వ్యవహారం.

అందరికన్నా బుద్ధిగా వినేది పక్కన కూర్చునే బాలమ్మ. వాళ్లమ్మ లచ్చమ్మ మోండా మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. బాలమ్మ తెల్లారి తల్లికి కట్టలు కట్టి ఇచ్చి, వేళ్లకు కొత్తిమీర వాసనతో బడికొచ్చేది. చదవమంటే ఆ పిల్లకు ప్రాణం మీదికొచ్చేది. ఒక పేజీ చదివేసరికి చెమటలు పట్టేవి. చెవిన పడింది మాత్రం జన్మలో మరిచిపోదు. "నువ్ చదివిందంతా నాకు యాదుంటది. నువ్ చదువు చాలు, పరీక్షల నేను రాస్త" అనేది. లచ్చమ్మ ముందే తేల్చి చెప్పింది. పది పాసైతే నర్సు ట్రైనింగుకు పంపిస్తుంది. తప్పితే మార్కెట్లో గోనెపట్టా మీద కూర్చోవాల్సిందే. అంటే బాలమ్మ బతుకు డోరా గొంతు మీద ఆధారపడి ఉందన్నమాట. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

డోరా మర్నాడు చదవాల్సింది ముందురోజు సాయంత్రమే వాళ్లమ్మకు చదివి వినిపించేది. ప్రేమమణి ఒకప్పుడు సండే స్కూలు టీచరు. అక్టోబరు నుంచి కడుపులో నొప్పని మంచం పట్టింది. మందులు మారుతున్నాయి, ఆసుపత్రులు మారుతున్నాయి, మనిషి మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. ఏ రోగమో పిల్లకు చెప్పలేదు. అంత చిన్నగదుల ఇంట్లో చెప్పకపోతే మాత్రం తెలియకుండా ఉంటుందా? అయినా సాయంత్రం కథ మొదలయ్యేసరికి ఆవిడ దిండుకు ఆనుకుని లేచి కూర్చునేది. "ఆ మొగుడికి బుద్ధుందా అసలు?" అని కథలో వాళ్లతో పోట్లాడేది. డోరాకు ఆ అరగంట పండగలా ఉండేది.

జనవరిలో ఐదు కథలూ అయిపోయాయి. ఆరోది 'సీతాలు వండిన అన్నం'. అమ్మ నిద్రపోతోంది కదా అని ఆ సాయంత్రం డోరా ఒక్కతే వరండాలో కూర్చుని మొదలుపెట్టింది. రెండో పేజీలో సీతాలు తల్లి పొయ్యి ముందు నుంచి లేవబోయి, కడుపు పట్టుకుని గోడకు జారబడింది. చిన్నపిల్లల్ని సీతాలుకు అప్పగించి, ఆమెను పడవలో కాలువ దాటించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. డోరా అక్కడ ఆగిపోయింది. అక్టోబరులో సరిగ్గా అలాగే, కడుపు పట్టుకునే, అమ్మ వంటింటి గోడకు జారబడింది. తర్వాత ఏమై ఉంటుందో చదవక్కర్లేదు అనుకుంది. ఇలాంటి కథలు ఎలా ముగుస్తాయో తెలియనంత పసిపిల్లేం కాదు.

పుస్తకం మూసేసింది. మూసేసి ఊరుకుంటే బాగుండేది. ఆ పిల్ల మనసులో ఒక మాట పడింది. ఈ కథ నేను చదవకపోతే మా అమ్మకేమీ కాదు. చదివితే అవుతుంది.

పిల్లి ఎదురొస్తే ఆగేవాళ్లను చూసి నవ్వుకునే ఇల్లు వాళ్లది. ఇలాంటి మాట తండ్రికి చెబితే "ఇదేం అవిశ్వాసం?" అని మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయిస్తాడు. పాస్టరమ్మకు చెప్పుకునే మాట కాదు, దేవుడికి చెప్పుకునే ధైర్యమూ లేదు. అందుకని ఎవరికీ చెప్పకుండా లోపల దాచుకుంది. దాచుకున్న కొద్దీ అది గట్టిపడింది.

మర్నాడు క్లాసులో నిలబడి, "ఆరో కథ వద్దన్నారు. సారు వెళ్లేముందే చెప్పారు నాతో, అది పరీక్షకు రాదంట" అంది. చదవాల్సింది తగ్గిందంటే ఏ క్లాసు ఎదురడుగుతుంది? "సారు మంచోడే" అని బల్లలు చరిచారు. బాలమ్మ ఒక్కతే, "పక్కానా? వస్తే నేను మునుగుతనే" అంది.

"నామీద నమ్మకం లేదా నీకు?" అంది డోరా. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం.

ఇంట్లోనూ తప్పలేదు. "ఆరో కథేదే? పుస్తకంలో ఇంకోటుండాలిగా" అని అడిగింది ప్రేమమణి.

"అది సిలబస్‌లో లేదమ్మా."

"సిలబస్‌లో లేకపోతే మనం చదువుకోకూడదా? నాకేమన్నా పరీక్షా?" అని నవ్వింది ఆవిడ. తర్వాత ఇంకోసారి అడిగింది. పుస్తకం బాలమ్మ తీసుకెళ్లిందని చెప్పింది డోరా. ఆ తర్వాత ఆవిడకు అడిగే ఓపిక లేకపోయింది.

మార్చిలో తెలుగు పరీక్ష. ప్రశ్నపత్రం తిప్పగానే డోరాకు అదే కనిపించింది. 'సీతాలు వండిన అన్నం' కథను సొంత మాటల్లో రాయుము. ఇది గాని, అది గాని అని లేదు, ఉన్నది అదొక్కటే. రెండు వరుసల అవతల బాలమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, గాభరా ఉంది. ఏం చెయ్యాలె అని అడుగుతున్నట్టు చూసింది. ఇన్విజిలేటరు "ఏయ్, ముందుకు తిరుగు" అని అరిచాడు. డోరా తల దించుకుంది.

వదిలేసి రావచ్చు. కానీ చదువులో మొదటి పిల్ల, తెల్ల కాగితం వదలడం చేతకాదు. తెలిసిన రెండు పేజీలూ రాసింది. తర్వాత ఏమై ఉంటుందో ఊహించి రాయడానికి పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి, సీతాలు తల్లి ఆసుపత్రిలో చనిపోయిందని, సీతాలు తమ్ముళ్లకు అన్నం వండి పెడుతూ పెద్దదైందని రాసింది. రెండు నెలలు చదవడానికే భయపడిన మాటను ఇప్పుడు సొంత చేత్తో, సొంత దస్తూరీతో రాసి సంతకం లేకుండా ఇచ్చేసి వచ్చింది.

ఈస్టరు వెళ్లిన వారంలో ప్రేమమణి ప్రభువునందు నిద్రించింది. బొల్లారం నుంచి పెద్దనాన్న వచ్చాడు, చర్చివాళ్లంతా వచ్చారు, పాటలు పాడారు, సమాధుల తోటలో పెట్టి వచ్చారు. అందరూ డోరా తల నిమిరి, "ధైర్యంగా ఉండమ్మా, దేవుని చిత్తం" అన్నారు. కాదు, నేను రాసినందుకు అయింది అని అరవాలనిపించింది ఆ పిల్లకు. ఎవరితో అంటుంది? రిచర్డ్ ఆఫీసు నుంచి వచ్చి కుర్చీలో కూర్చుంటే మళ్లీ భోజనానికే లేచేవాడు. అన్నం డోరాయే వండేది. మాడిందో, పలుకైందో ఆయనకు తెలిసేది కాదు, ముద్దలు మింగి చెయ్యి కడుక్కునేవాడు. ఏడుపు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల కుళాయి తిప్పి ఏడ్చేది.

రిజల్ట్స్ వచ్చాయి. డోరా ఫస్టు క్లాసు. బాలమ్మ నంబరు పేపర్లో లేదు. మార్కులొచ్చాక తెలిసింది, అన్నిట్లో గట్టెక్కి, ఆ కథ ప్రశ్నకు ఏమీ రాయలేక తెలుగులో పోయిందని. తెలుగు పిల్ల తెలుగులో తప్పడం కన్నా తలవంపులు ఏముంటాయి! మార్కెట్లో అదే మాట అని నవ్వారట ఎవరో.

డోరాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఉదయం నాన్‌డిటైల్ పుస్తకం తీసుకుని మోండాకు నడిచింది. దాన్ని ముట్టుకోవడం పరీక్ష తర్వాత అదే మొదలు. బాలమ్మ గోనెపట్టా మీద కూర్చుని, పాలకూర మీద నీళ్లు చల్లుతోంది. పక్కన లచ్చమ్మ బేరమాడుతోంది. డోరాను చూడగానే, "రా బిడ్డా. అమ్మ పోయిందట గదా. పానం కొట్టుకున్నది" అని కాస్త జరిగి చోటిచ్చింది. ఆ ఆదరణకు డోరాకు ఇంకా చావొచ్చినంత పనైంది.

"బాలమ్మా, సారు ఆ కథ వదిలెయ్యమనలేదే. అబద్ధం చెప్పాను. నేనే వదిలేశాను" అంది.

బాలమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. "ఏందీ?"

"చదవలేకపోయానే. దాంట్లో వాళ్లమ్మ..."

"చదవలేకపోతే రాదని ఎందుకు చెప్పినవ్?" బాలమ్మ గొంతు పెరిగింది. "నాతోని సుత గట్లనే చెప్పినవ్. నీకేందే, నువ్ పాసైనవ్. నేను గీడ కూసున్న. పక్కానా అని అడిగిన గదనే నేను!"

లచ్చమ్మకు సగమే అర్థమైంది. "ఊకోవే, తల్లి పోయిన పిల్ల" అని కూతుర్ని కసిరింది. బాలమ్మ చాలాసేపు తోటకూర కట్టలు అటూ ఇటూ మార్చి పెట్టింది. అవసరం లేకపోయినా మార్చి పెట్టింది. తర్వాత మొహం తిప్పకుండానే, "మల్ల పరీక్ష ఉన్నది. అమ్మ ఒక్కపారి ఫీజు కట్టనిస్తనన్నది. చదువు" అంది.

"ఇక్కడా?"

"గీన్నే. నేను యాడికి రావాలె, గిరాకీ ఇడిసిపెట్టి?"

డోరా పుస్తకం తెరిచింది. మొదటి పేజీ చదివింది. రెండో పేజీ ఒక్కో మాట కింద వేలు పెట్టుకుని చదివింది. బండ్లవాళ్ల కేకల్లో సరిగ్గా వినబడక బాలమ్మ దగ్గరికి జరిగింది. పడవ కాలువ దాటింది. సీతాలు కట్టెలు ఏరుకొచ్చింది, అన్నం మాడ్చింది, తమ్ముళ్లను కొట్టి తనే ఏడ్చింది. ఒక్కో పేజీ తిప్పుతున్నప్పుడు డోరా ఆ చావు ఏ వాక్యంలో ఉందోనని భయపడుతూ తిప్పింది. చివరి పేజీ వచ్చింది. మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఎవరో దగ్గారు. సీతాలు బయటికి వెళ్లి చూస్తే తల్లి. చిక్కి శల్యమై, కర్ర పట్టుకుని, నడిచే వచ్చింది. అరుగు మీద కూలబడి, "ఆకలేస్తోందే, ఏం వండావ్?" అంది. సీతాలు పెట్టింది తిని, పప్పులో ఉప్పు మరిచిపోయావని తిట్టింది. ఇంకాస్త పెట్టమంది. అక్కడితో అయిపోయింది.

డోరా పేజీ తిప్పి చూసింది. వెనక ప్రశ్నలున్నాయి తప్ప ఇంకేమీ లేదు.

"మంచిగైంది గదనే ఆమెకు!" అంది బాలమ్మ ఆశ్చర్యంగా. "గింత మంచి కథకు ఏం భయపడ్డవ్?"

"నేను చంపేశానే" అంది డోరా. "పరీక్షలో రాశాను, చచ్చిపోయిందని. మా అమ్మ అడిగింది ఈ కథ. రెండుసార్లు అడిగింది, చదవమని. లేదన్నాను. ఇది వినుంటే ఎంత నవ్వేదో, ఉప్పు దగ్గర ఎంత నవ్వేదో మా అమ్మ. ఒక్క పూటైనా సంతోషపడేది. లేదన్నానే నేను."

కొత్తిమీరకొచ్చిన మనిషి ఏడుస్తున్న పిల్లను చూసి, బేరమాడకుండా పక్క దుకాణానికి పోయాడు. లచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాలమ్మకు ఓదార్చడం చేతకాదు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు కూడా. తడి చేతిని లంగాకు తుడుచుకుని, డోరా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏడ్వకు. ఏడిస్తే నాకు యాదుండదు" అంది. "గిదే ప్రశ్న మల్ల వస్తే ఆఖరుకు ఏం రాయాలెనో చెప్పు."

డోరా చివరి పేజీ మీద వేలు పెట్టింది.

"వాళ్లమ్మ ఇంటికొచ్చిందని రాయవే" అంది. "ఇంటికొచ్చి, అన్నం తిన్నదని రాయి."