వార్డెన్ ఆఫీసు గదిలో నన్ను కూర్చోబెట్టినప్పుడు

ఆ రోజుల్లో కంటితో చూసి కాగితం మీద రాసుకున్నదే నిజమని నమ్మేవాణ్ని. కడపలో యూనివర్సిటీ అమ్మాయిలు ఉండే ఒక హాస్టల్ మిద్దె మీద నేను రాసుకున్నవి ఇవి: నీళ్ల ట్యాంకులు రెండు, బట్టలారేసే తీగలు ఆరు, బట్టలు లేవు. మనుషులు ఇద్దరు, నేనూ హాస్టల్ ఆయమ్మా. సోలార్ హీటర్లు బిగించే కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరుని. మిద్దెల మీద ఆ హీటర్ల పలకలకు చోటు చూడటం నా పని. ఎప్పుడు వెళ్లినా ఆయమ్మ స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టి, నన్ను వార్డెన్ ఆఫీసు గదిలో కాసేపు కూర్చోబెట్టేది. భోజనం గంట అనుకున్నాను (నేను వెళ్లినప్పుడల్లా భోజనవేళే ఎందుకవుతోందని అనుమానం రానంత చదువు నాది). తీగలు వాడుకలో లేవు, తీసేసి పలకలు బిగించవచ్చని డ్రాయింగు గీసి వార్డెన్‌కు పంపాను.

రెండోరోజే మా మేనత్త కూతురు ఫోన్ చేసింది. ఆ హాస్టల్లోనే ఉండి రీసెర్చి చేసేది. నాకన్నా పెద్దది, వదిన అవుతుంది.

"ఏమప్పా ఇంజనీరూ, మా తీగలు పీకేస్తాండావంట?"

"ఎవరూ వాడడం లేదు వదినా. పోయినప్పుడంతా చూసినా."

"నువ్వు చూస్తే యాడుంటాయి? మగమనిషి వస్తాండాడని ఆయమ్మ పళ్లెం కొడుతుంది. మేమంతా ఉరికి మా లోబట్టలు ఎత్తుకోనొస్తాం. అంతవరకు నిన్ను కూర్చోబెడుతుంది."

"ఇట్లాంటివి మా అమ్మతో చెప్పు వదినా" అన్నాను.

"మీ అమ్మకు డ్రాయింగు గీసేది వచ్చునా? నోరు మూసుకోని విను."

విన్నాను. అంతకుముందు అందరూ గదుల్లోనే, తువ్వాళ్ల కింద దాచి ఆరేసుకునేవారట. బయట కడప ఎండ మండుతుంటే, లోపల సగం తడిబట్టలే వేసుకోవడం. దురద, ఒరిపిడి, పుండ్లు. వదిన ల్యాబులో కుదురుగా కూర్చోలేక, ఎవరికీ చెప్పుకోలేక నెలల తరబడి అవస్థపడింది. చివరికి డాక్టరమ్మ దగ్గరికి పోతే మందు రాసిచ్చి, నూలువి వేసుకోమని, బాగా ఎండలో ఆరేయమని, వాసన సబ్బులు లోపల వాడొద్దని, బయటివైపు ఉత్త నీళ్లతో కడుక్కుంటే చాలని చెప్పిందట.

"అప్పట్నుంచే మిద్దెక్కినాం. ఇప్పుడు శానా నయం. ఆ ఎండ గూడా నువ్వు తీసుకుంటే మళ్లా తువ్వాల కిందికే పోవల్ల."

డ్రాయింగు మార్చాను. పలకలు ట్యాంకుల పక్కకు జరిగాయి, తీగల చుట్టూ ఎత్తుగా గోడ చేరింది. మా మేనేజరు కారణం అడిగాడు. "అమ్మాయిలు లోబట్టలు ఆరేసుకోవడానికి సార్" అన్నాను. ఆయన "మా ఇంట్లోనూ తలుపు వెనకే ఆరేస్తారప్పా" అని సంతకం పెట్టాడు.

సిగ్గుపడి వదిన ఆ ఫోన్ చేయకపోయి ఉంటే ఆ ఎండను నేనే మూసేసేవాణ్ని. చదువులో ఎవరూ చెప్పని పాఠం నాకు తిట్టి మరీ చెప్పింది. ఆ కృతజ్ఞత ఇప్పటికీ ఉంది. మొన్న కలిసినప్పుడు, ఆ బాధతో మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి ఎన్నిసార్లు పోవాల్సి వచ్చిందని మామూలు గొంతుతోనే అడిగాను. అప్పటి కుర్రాడైతే ఈ ప్రశ్న నోటికి రాకముందే పారిపోయేవాడు.

"సున్నా" అంది వదిన.